జతలో రెండో మనిషి

ఉప్మా ముద్దను సుంకమ్మ వెంటనే మింగలేదు. నాలుక మీద నిలిపి మెల్లగా నమిలింది. రుచి యాత్రకొచ్చిన కుటుంబంలో నలుగురికీ అందాలి. కూతురికి కారం పడదు కనుక పచ్చిమిరప ముక్కల్ని ముందే ఏరి పక్కన పెట్టింది. దీనికంటే మనింటి ఉప్మానే నయమని చెవిలో కొడుకు గొంతు విసుక్కుంది. తల్లి నవ్వి సర్దిచెప్పింది. సుంకమ్మ ఇంకో ముద్ద తీసుకుంది.

తిన్నాక గుడారం ముందు వేసిన నాలుగు కుర్చీల్లోనూ వంతులవారీగా కూర్చుంది. ఒక్కో కుర్చీలోంచి కొండ ఒక్కోలా కనిపిస్తుంది. ఎవరి చూపు వాళ్ళకు చేరాలి. మెడ వెనక మేనుపట్టీ గోరువెచ్చగా ఉంది. విజయవాడలో ఓ పదిహేడో అంతస్తు ఇంట్లో, తలుపులు వేసుకుని పడుకున్న నలుగురికి ఆమె కళ్ళు, చర్మం, నాలుక దాని గుండానే అందుతున్నాయి. ఆమెకు ఏమనిపిస్తోందో మాత్రం అందదు. దాన్ని పట్టీలోని వడపోత ఆపేస్తుంది.

నల్లమలను మనుషులకు మూసేశాక మిగిలిన దారి ఇదొక్కటే. ఒక కుటుంబానికి జన్మలో ఒకే యాత్ర. అడవిలోకి వెళ్ళేది, సుంకమ్మలా తన మేనును వాళ్ళకు అరువిచ్చే మేనరి మాత్రమే.

గుడారం మడిచి ట్రైలర్ మీదికి దించింది. మూలల్లోని జాకీలు పైకి తిప్పింది. ట్రైలర్ మూతిని జీపు కొక్కేనికి తగిలించి, గొలుసు బిగించి, కాలితో ఒకసారి తన్ని చూసుకుంది. అన్నీ గట్టిగానే ఉన్నాయి.

"కుదుపు వస్తుంది," అంది బండి కదిలిస్తూ. యాత్రలో మేనరి నోట రాదగిన మాటలు అలాంటివే: కుదుపు, ఎత్తు, నీళ్ళు, వేడి.

దారి అంటూ ఏమీ లేదు. ఎర్రమట్టిలో పాత చక్రాల జాడలు, వాటి నడుమ మోకాలెత్తు బోదగడ్డి. రాళ్ళ మీదుగా జీపు పాకుతుంటే వెనక ట్రైలర్ మూలుగుతూ వచ్చింది. మొదటి కొండ ఎక్కేలోపే కొడుకు నిఖిల్ జత విడిచాడు, స్నేహితులెవరో పిలిచారట. రెండో కొండ దిగుతుండగా కూతురు ప్రణతి ఈ కుదుపులు పడటం లేదని లేచి వెళ్ళింది. పిల్లలకు ఇదంతా కొత్త కదా, సాయంత్రానికి మళ్ళీ వస్తారని తల్లి హైమవతి భర్తతో అంది. ఆయన ఊఁ కొట్టాడు.

వాగు దాటితే అవతల బల్లపరుపు బండ ఉందని, రాత్రికి అక్కడ మంట వేసుకోవచ్చని, నలుగురం ఒకచోట కూర్చుని తిని ఎన్నాళ్ళయిందోనని హైమవతి చెబుతూనే ఉంది. ఇంట్లో ఎవరి వేళకు వాళ్ళు తిని లేస్తారట. ఈ యాత్ర కోసం ఆవిడ పెళ్ళయిన ఏడాదే పేరు నమోదు చేయించింది. ఆయన ఊఁ కొట్టడం ఎప్పుడో ఆగిపోయిందని ఆవిడ గమనించలేదు. సుంకమ్మ గమనించింది. జతలో ఉన్న ఒక్కొక్కరూ మేనుపట్టీ మీద చిన్న బరువుగా తెలుస్తారు; ఆయన బరువు లేదు.

ఇలాంటి కుటుంబాలు ఆమె ఒంటి గుండా ఎన్నో వెళ్ళాయి. వాళ్ళ వేళాకోళాలు, అలకలు, పెళ్ళి సంబంధాల గుసగుసలు అన్నీ ఆమె చెవిలోనే జరిగేవి. ఆమెతో ఎవరూ మాట్లాడేవారు కాదు. సెలవు నాడు ఆత్మకూరులోని తన గదిలో అన్నం ముందు కూర్చుంటే, ఆ నిశ్శబ్దానికి ఆకలి చచ్చిపోయేది.

వాగు ఒడ్డున జీపు ఆపగానే, యాత్రలన్నిటినీ నడిపే యంత్రం అడవివాకిలి ఇద్దరి చెవుల్లోనూ పలికింది.

"కుటుంబం ఒక్కరికి తగ్గింది. ఒక్కరిని కుటుంబంగా పరిగణించరు. పావుగంటలో రెండోవారు జతకాకుంటే యాత్ర ముగుస్తుంది. ఇక పునరుద్ధరణ ఉండదు."

హైమవతి భర్తను పిలిచింది. పక్క గదిలోంచి, మీటింగులో ఉన్నానని జవాబు. కొడుకు గది తలుపు తట్టింది. ఐదు నిమిషాలన్నాడు. కూతురు నిద్రపోయింది. ఆవిడ అడుగుల చప్పుడు ఒక తలుపు నుంచి ఇంకో తలుపుకు పోవడం, మళ్ళీ మొదటి తలుపుకే రావడం సుంకమ్మ వింటూ కూర్చుంది. ముందు వాగు నీళ్ళు రాళ్ళకు తగిలి తెల్లగా విరుగుతున్నాయి. ఆ అందం చూసేవాళ్ళు ఎవరూ లేరు.

చివరికి హైమవతి వచ్చి పడుకుంది. గొంతు మామూలుగానే ఉంచడానికి ప్రయత్నించింది.

"తిప్పేయమ్మా వెనక్కి. పాపం, నువ్వయినా పెందలాడే ఇల్లు చేరతావు."

తనతోనే మాట్లాడుతోందని సుంకమ్మకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. చేయి గేరు మీదికి వెళ్ళింది గాని వెనక్కి వేయలేదు.

"నీళ్ళు లోతు ల్యావమ్మా," అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మోకాటి బంటే ఉండాయి. దాటొచ్చు."

"మేనరి అనుమతి లేని మాట పలికారు," అంది వాకిలి.

"రెండో మనిషి కావాలంటివి గదా? రాసుకో. నేనుండా ఈడ."

"బంధుత్వం తెలపండి."

సుంకమ్మ చేయి గేరు మీంచి తీయలేదు. గడువు నడుస్తోంది. హైమవతి కోప్పడుతుందేమో, తన మీద ఫిర్యాదు చేస్తుందేమో, రేపటి నుంచి ఈ పని ఉండదేమో.

"చెల్లెలు," అంది హైమవతి. "నా చెల్లెలు. ఇంటి పెద్దగా నేను చెబుతున్నాను, చేర్చుకో."

వాకిలి చేర్చుకుంది. వడపోత మేనరికే గాని కుటుంబ సభ్యులకు ఉండదు, అది తొలగిపోయింది. సుంకమ్మ వీపుకు ఉన్నట్టుండి మెత్తని పరుపు తగిలింది. ఏడుపును మింగిన గొంతు నొప్పి తెలిసింది. అవతల హైమవతి ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. ఇన్నేళ్ళుగా తన గదిలోని నిశ్శబ్దమంతా అటు చేరిందని సుంకమ్మకు తెలిసిపోయింది. సిగ్గు ముంచుకొచ్చింది గాని, దాచుకునే దారి లేదు.

"ఇన్నాళ్ళూ ఇలాగే ఉన్నావా నువ్వు?" అని అడిగింది హైమవతి.

సుంకమ్మ మెడ వెనక పట్టీని ఒకసారి తడుముకుంది. జవాబు అప్పటికే దాని గుండా అటు చేరింది.

"యాత్ర కొనసాగించండి," అంది వాకిలి. వెంటనే, "కుటుంబ సభ్యులకు అడవిలో ప్రవేశం లేదు. బండి ఆపండి," అంది. తిరిగి కొనసాగించమంది. మళ్ళీ ఆపమంది. మేనరి అయితే ఉండవచ్చు, చెల్లెలైతే ఉండకూడదు. చెల్లెలు లేకుంటే మేనరికి యాత్ర లేదు. ఇద్దరూ ఒక్కరేనన్న సంగతిని నింపడానికి దాని పత్రంలో గడి లేదు. కాసేపటికి ఆ గొంతు ఆగిపోయింది. పక్క దారుల్లో మిగతా మేనరులు నడిపే బళ్ళు కూడా దాని ఆజ్ఞ అందక, ఎక్కడివక్కడ నిలబడ్డాయి. వాటిల్లోని కుటుంబాలు ఏమైందమ్మా అని మేనరులను అడగడం మొదలుపెట్టాయి.

అదేమీ తెలియని సుంకమ్మ మొదటి గేరు వేసింది. నీళ్ళు బానెట్టు దాకా ఎగిసి పడ్డాయి. ట్రైలర్ ఒక పక్కకు లాగింది. ఆమె స్టీరింగు గట్టిగా పట్టుకుంది.

"భయమేస్తోందా?" అంది హైమవతి.

"ఏస్తాందక్కా."

"నాకూ వేస్తోంది. పోనీయ్ బండి."

చక్రాల కింద రాళ్ళు జరుగుతుండగా, ఇద్దరూ అవతలి ఒడ్డు వైపు చూశారు.