అక్క కాపురమున్న చోటు

మొదటి సాక్షిని చంపేశారు. కత్తి లేదు, తూటా లేదు, విషం లేదు. మార్పిడి చేసిన కిడ్నీని ఒళ్ళే తిప్పికొట్టిందని డాక్టర్లు చెప్పారు. ఇంటివాళ్ళు ఏడ్చి ఊరుకున్నారు.

“రెండో సాక్షికి నిన్నటి నుంచి ఒళ్ళు వెచ్చగా ఉంది,” అన్నాడు చీఫ్.

ఆ గది పళ్ళ డాక్టరు క్లినిక్ పై అంతస్తులో ఉంది. కింద డ్రిల్లింగ్ మిషన్ చప్పుడుకి పైన ఎవరేం మాట్లాడినా బయటికి వినపడదు. బల్లకి ఇవతల కూర్చున్న ఏజెంటుని డిపార్ట్‌మెంట్‌లో అందరూ వదిన అంటారు, చీఫ్‌తో సహా. నలభై దాటిన మనిషి. చేతిలో ఎప్పుడూ నీళ్ళ సీసా.

“రెండో సాక్షి అంటే ఇంజినీరేనా?”

“అతనే. విదేశీ ముఠాకి మన డ్యాముల ప్లాన్లు అమ్మినవాళ్ళెవరో ఇప్పుడతనికొక్కడికే తెలుసు. కోలుకోగానే కోర్టులో చెబుతాడు. కోలుకోకపోతే అంతే సంగతులు.”

డిపార్ట్‌మెంట్ డాక్టరు గొంతు సవరించుకున్నాడు. “కొత్త కిడ్నీ అంటే దొంగ పాస్‌పోర్టు మీద ఉంటున్న మనిషమ్మా. ఒంట్లో కాపలావాళ్ళని మందులతో జోకొడుతుంటాం, అది చాటుగా కాపురం చేసుకుంటుంది. ఎక్కడైనా వాపు, ఇన్‌ఫ్లమేషన్ లేచిందా, అది సైరన్. సైరన్ విని కాపలావాళ్ళు లేస్తారు. లేచినవాళ్ళు ఊరికే పడుకోరు, ఇంట్లో అందరి కాగితాలూ తనిఖీ చేస్తారు. అప్పుడు కిడ్నీ దొరికిపోతుంది.”

“మరి సైరన్ ఎవరు మోగిస్తున్నారు?”

“చచ్చిన బ్యాక్టీరియా తునకల్ని డ్రిప్‌లో కలుపుతున్నారని అనుమానం. ప్రాణమున్న క్రిమి కాదు కాబట్టి టెస్టులో పెరగదు. కానీ శవాన్ని చూసినా ఒళ్ళు దొంగొచ్చాడనే అనుకుంటుంది.”

“ఆసుపత్రి లోపల మన మనిషొకామె ఉంది,” అన్నాడు చీఫ్. “నెమలి. ముఠాలో మన డబుల్ ఏజెంట్. పేషెంట్లకి ధైర్యం చెప్పే కౌన్సెలర్‌గా చేరింది. పోయిన ఏడాది మూణ్ణెల్లు సెలవు పెట్టి విదేశంలో తనూ కిడ్నీ మార్పిడి చేయించుకుంది. నీ బాధ తెలిసిన మనిషి.”

వదిన తల ఊపింది. తన ఒంట్లో ఉన్నది అక్క కిడ్నీ. అది ఇచ్చిన రెండేళ్ళకి అక్క ఏదో జ్వరమొచ్చి పోయింది. మిగిలిన ఒక్కటీ ఆ జ్వరానికి తట్టుకోలేకపోయిందన్నాడు డాక్టరు. రెండున్నా తట్టుకునేది కాదేమో అని కూడా అన్నాడు. వదినకి మొదటి మాటే గుర్తుంది.

*నీళ్ళు తాగావా?* అంది అక్క లోపల్నుంచి. వదిన సీసా మూత తీసింది.

* * *

మధ్యాహ్నం, చూడవచ్చేవాళ్ళ వేళ. వదినకి నీలం కోటు, మాస్కు, చేతిలో తడిగుడ్డ కర్ర. ఆ కర్రలో కెమెరా, జుట్టుపిన్నులో అలారం. ఆసుపత్రిలో నేల తుడిచేదాని మొహం ఎవరూ చూడరు, అంతకి మించిన మారువేషం లేదు.

ఇంజినీరు కళ్ళు మూసుకుని ఉన్నాడు. పక్కన చక్రాల కుర్చీలో అతని భార్య. కిడ్నీ ఇచ్చింది ఆవిడే. కుట్లు లాగుతున్నా రోజూ వచ్చి కూర్చుంటోంది.

ముందు సెంటు వాసన వచ్చింది, వెనక నెమలి వచ్చింది. మెడలో పట్టు స్కార్ఫు, గాజుపెంకుల్లా మెరిసే గోళ్ళు.

“ఈ కిటికీ తెరిస్తే దుమ్మొస్తుందా అమ్మా?”

“దుమ్ము కాదండీ, ఎండొస్తుంది.”

కోడ్ కలిసింది. నెమలి గొంతు తగ్గించింది. “మేల్ నర్సు. వాడే. కొత్త డ్రిప్ సీసా తేవడానికి స్టోర్‌కి వెళ్ళాడు. వెనకే వెళ్ళు, ఇక్కడ నేను చూసుకుంటా.”

వదిన బకెట్టు ఎత్తింది. వెనక నెమలి ఇంజినీరు భార్యని ఓదారుస్తోంది. “భయపడకండి. నాకూ అయింది మార్పిడి. ఇప్పటికీ జలుబు చేస్తే ఇదిగో, ఇక్కడ సలుపుతుంది. ఇచ్చిన మా అమ్మే పలకరించినట్టుంటుంది.”

గుమ్మం దాటుతూ వదిన చూసింది. నెమలి చెయ్యి నడుముకి వెనక, వీపు మీద ఉంది.

స్టోర్‌లో మేల్ నర్సు సీసాల మీద తేదీలు చూస్తున్నాడు. “ఏమ్మా, తడి నేల మీద నన్ను పడేస్తావా? నాకు ఇన్సూరెన్స్ కూడా లేదు!”

వదిన నవ్వలేదు. మనసులో ఏదో గుచ్చుకుంటోంది.

*నేనెక్కడున్నానే?* అంది అక్క.

వదిన తన చెయ్యి వైపు చూసుకుంది. కంగారు పడ్డప్పుడల్లా దానంతటదే వెళ్ళే చోటికే వెళ్ళింది. ముందు వైపు, పొత్తికడుపుకి కుడి పక్కకి. వెనకున్నవి పాతవి, వాటినెవరూ కదపలేదు. కొత్తదాన్ని కుట్టేది ముందు వైపే. మార్పిడైన మనిషి చెయ్యి నిద్రలో కూడా వీపు మీదకి పోదు.

నెమలికి మార్పిడే జరగలేదు. మరి ఆ మూణ్ణెల్లు ఎవరి దగ్గరుంది?

బకెట్టు స్టోర్‌లోనే బోర్లపడింది.

గదిలో నెమలి డ్రిప్ గొట్టం మీదకి వంగి ఉంది. పెన్నులాంటి సిరంజి సూది లోపలుంది, బొటనవేలు నొక్కుతోంది. వదిన ఇంజినీరు చేతి పక్కనే గొట్టాన్ని రెండు మడతలు పెట్టి పిడికిట్లో బిగించి, సూది పైకి పీకేసింది.

“ఏంటిది, పిచ్చా నీకు?”

“నీ కిడ్నీ ఎక్కడుందో చూపించు నెమలీ.”

నెమలి మొహంలో నవ్వు ఆరిపోయింది. మరుక్షణం ఆమె చేతిలోని ఆ సూది వదిన ముంజేతిలో దిగింది, సిరంజి అడుగంటా ఖాళీ అయింది. వదిన పిడికిలి మాత్రం వదల్లేదు. రెండో చేత్తో జుట్టుపిన్ను నొక్కింది.

నెమలి గుమ్మం వైపు దూకింది. అప్పటికే ఇంజినీరు భార్య కుర్చీని గుమ్మానికి అడ్డంగా తిప్పి బ్రేకు వేసి కూర్చుంది.

“నన్ను తొక్కి వెళ్ళు,” అంది. “నేనిచ్చింది నీ పాలు చెయ్యడానికా?”

గార్డులు పెడరెక్కలు విరిచి పట్టుకుని తీసుకెళ్తుంటే నెమలి వెనక్కి తిరిగింది. “అతన్ని కాపాడావులే వదినా. మరి మీ అక్కనో?”

* * *

సాయంత్రానికి వదినకి వణుకు మొదలైంది. డాక్టర్లు స్టెరాయిడ్లు ఎక్కించారు. కాపలావాళ్ళు లేచారు, మళ్ళీ పడుకుంటారో లేదో చూడాలన్నారు.

జ్వరంలో అక్క మంచం పక్కనే కూర్చుని పెట్టె సర్దుకుంటోంది.

“అందరూ లేచారే. నా కాగితాలు అడుగుతున్నారు.”

“ఏం చెప్పావు?”

“మా చెల్లెలి ఇల్లన్నా. నమ్మట్లేదు.”

“వెళ్ళిపోతావా అక్కా?”

అక్క వంగి మంచం కింద రెండో చెప్పు కోసం వెతుక్కుంటోంది. తను పోయిన రోజూ అంతే, అంబులెన్సు ఎక్కించేటప్పుడు ఒక కాలికే చెప్పుంది.

“వెతక్కు,” అంది వదిన. పళ్ళు టకటకలాడుతున్నాయి. “నేనే దాచాను. ఇవ్వను.”

* * *

ఇంజినీరు జ్వరం తగ్గింది. కోర్టులో పేర్లన్నీ చెప్పేశాడు, ముఠా వలలో పడింది. వదిన జ్వరం ఇంకా ఆలస్యంగా, బతిమాలించుకుని మరీ దిగింది. మేల్ నర్సు యూరిన్ జగ్గు వెలుతురుకి పట్టుకుని, “బంగారం!” అన్నాడు. ఆ మాటకి ఏ మెడల్ అందుకున్నప్పుడూ రానంత ఏడుపొచ్చింది వదినకి.

చీఫ్ గుమ్మంలో నిలబడి దగ్గాడు. “కొత్త పని ఒకటి ఉంది. ఎప్పటికి రాగలవు?”

వదిన చెయ్యి పొత్తికడుపు మీదకి వెళ్ళింది. లోపలి మాట వింటున్నట్టు తల వంచింది.

“అక్క పెట్టె విప్పుకుంటోంది సార్. అన్నీ సర్దుకోనివ్వండి, వస్తాం.”