వెనక్కి తియ్యండి

వడ్రంగికి పికప్ బండి కొత్త. దాని టైర్లు మాత్రం ఊళ్ళో తిరగడానికే పనికొచ్చేవి. కిందటిసారి భార్యతో కలిసి వాగు పక్కన గుడారం వేసుకోవడానికి వెళ్తే, తడిసిన గడ్డి మీద చక్రాలు గిర్రున తిరిగాయే తప్ప బండి జానెడు కదల్లేదు. ట్రాక్టరు వచ్చి లాగేదాకా ఆవిడ బండి వెనక అతను బిగించిన చెక్కమంచం మీద కూర్చుని, "మంచం బ్రహ్మాండంగా కుదిరింది. ఇక ఇక్కడే కాపురం పెట్టేద్దాం" అని ఒకటే నవ్వు.

అందుకే ఈసారి బయల్దేరే ముందు ఇద్దరూ టైర్ల దుకాణానికి వెళ్ళారు.

"అచ్చంగా బురద టైర్లయితే తారురోడ్డు మీద చెవులు చిల్లులు పడతాయి" అన్నాడు దుకాణదారు. "మీకు కావాల్సింది ఆల్ టెరైన్. కాస్త వాగుతాయి గానీ అన్ని దారులకీ పనికొస్తాయి. రాళ్ళకి కోసుకుపోకుండా పక్కలు మందంగా ఉంటాయి."

ఆ కొలతలో కొత్తవి రావాలంటే వారం ఆగాలట. వచ్చే వారం వడ్రంగికి మేడమెట్ల పని మొదలవుతుంది. అతని చూపు మూలన పట్టా కింద ఉన్న నాలుగు టైర్ల మీద పడింది. గ్రిప్పు వేలు దిగేంత లోతుంది. అరుగుదలే లేదు.

"అవి వాడినవండీ" అన్నాడు దుకాణదారు ఇబ్బందిగా. "అడవిలో వదిలేసిన బండివి. ఆలుమగలెవరో మీలాగే గుడారం వేసుకోవడానికి వెళ్ళారు. బండి దొరికింది. మనుషులు దొరకలేదు."

టైరు తడుముతున్న భార్య చప్పున చెయ్యి తీసేసింది. "వద్దండీ. వారం ఆగుదాం."

"రబ్బరుకేం తెలుసే, ఎవరి బండికి తిరిగిందో?" అని వడ్రంగి అవే బిగించమన్నాడు.

తారురోడ్డు మీద టైర్లు సన్నగా ఊళ పెట్టాయి. మట్టిదారిలోకి దిగాక ఆ మోత ఆగాలి. ఆగలేదు. ఎవరో పళ్ళు బిగబట్టి మూలుగుతున్నట్టు, కాసేపు ఎడమ నుంచి, కాసేపు కుడి నుంచి వినబడుతూనే ఉంది. భార్య కిటికీ అద్దం ఎత్తేసింది.

వాగుకి దిగే వాలులో బండి ఆపి, ముందు చక్రాలకి చెక్కముక్కలు అడ్డం పెట్టారు. చీకటి పడబోతోంది. నీళ్ళ మీంచి మంచు పైకి పాకుతోంది. నాచు వాసన. ఆవిడ గుడారం విప్పుతుంటే, ఎదర రాళ్ళదారి ఉంది కదా, టైర్లలో గాలి కాస్త తగ్గిద్దామని వడ్రంగి ముందు ఎడమ చక్రం దగ్గర కూర్చుని పిన్ను నొక్కాడు.

గాలి వెచ్చగా వచ్చింది. జ్వరమొచ్చిన మనిషి నోటి వాసన… ఆ బుసలో ఓ ఆడగొంతు.

"వెనక్కి తియ్యండి…"

వేలు తీసేశాడు. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కాడు.

"కాలు… వెనక్కి తియ్యండి…"

"పిలిచావా?" అన్నాడు.

"నేనా? లేదే" అంది భార్య అటువైపు నుంచి.

కుడి చక్రం దగ్గరికి వెళ్ళాడు. నొక్కాడు. అందులోంచి గాలి బయటికి రాలేదు. అతని వేలి కొననే లోపలికి పీల్చింది… మెల్లగా… చప్పరిస్తున్నట్టు.

"సర్దెయ్. వెళ్ళిపోదాం."

"ఇప్పుడే కదండీ వచ్చాం."

"దారిలో చెప్తా. ముందు చెక్కలు తీసెయ్."

అతను బండెక్కి ఇంజను వేశాడు. ఆవిడ ముందుకి వెళ్ళి వంగింది. కుడి చెక్క లాగింది. ఎడమ చెక్క లాగగానే బండి జారింది. బ్రేకు ఇంకా గట్టిగా తొక్కాడు. తడిగడ్డి మీద ఇంకాస్త జారి ఆగింది.

ఆవిడ కనబడలేదు.

"ఏమేవ్?"

మంచు. ఇంజను చప్పుడు. అప్పుడు ఎడమ నుంచి…

"వెనక్కి తియ్యండి… కాలు…"

ఇందాక టైరులోంచి వచ్చిన గొంతే.

కుడి నుంచి, అచ్చం భార్య గొంతు. "నేను పక్కకి వచ్చేశాను. ముందుకి పోనివ్వండి."

దిగి చూద్దామంటే బ్రేకు మీంచి కాలు తీస్తే బండి జారుతుంది; ఈ తడిగడ్డి మీద హ్యాండ్ బ్రేకుని నమ్మలేం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. "వెనక్కి" అన్నది దెయ్యం, అది చెప్పింది చెయ్యకూడదు అనుకున్నాడు. ఆ ఆలోచన అతనికి ఎంతో తెలివైనదిగా తోచింది.

ముందుకి పోనిచ్చాడు.

బండి ఎడమ పక్క లేచింది. మెల్లగా… మెల్లగా… దిగింది.

ఎవరూ అరవలేదు.

ఆసుపత్రిలో ఆవిడకి తెలివి వచ్చేసరికి ఎడమకాలు మోకాలి పైదాకా తీసేశారు. వడ్రంగి మంచం చివర కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

"వెనక్కి తియ్యమని నువ్వు మొత్తుకుంటూనే ఉన్నావే. నేనే నమ్మలేదు" అన్నాడు.



"మీరు అరవనిస్తేగా" అందావిడ. "పక్కనే కూర్చున్నారు. ఒక చేత్తో నా చెయ్యి పట్టుకున్నారు, ఇంకో చేత్తో నోరు మూశారు. 'ఓర్చుకో, ఇప్పుడు ముందుకొస్తుంది' అన్నారు. బండి ఎవరు నడిపారండీ?"



"పోనీ, ఇప్పుడైనా చెయ్యి వదలండి" అందావిడ నీరసంగా. "నొప్పిగా ఉంది."

వడ్రంగి రెండు చేతులూ కమ్మీ మీదే ఉన్నాయి. దుప్పటి మీద ఆవిడ ఎడమచేతి వేళ్ళు ఒకదానికొకటి నొక్కుకుపోయి, రక్తం లేనట్టు తెల్లబడుతున్నాయి.