ఇందుమతి రాయని పంక్తి

ఇందుమతి కామత్ లోపలికి వస్తూనే ఏడ్చేసింది. “సాయంత్రానికి నా ఉద్యోగం ఊడుతుంది సార్, నేను చెయ్యని పనికి!”

మల్లేశ్వరంలో ప్రైవేట్ డిటెక్టివ్ నరహరి ఐతాళ్ గది ఇరుకే కాని, అక్కడికి ఏడుస్తూ వచ్చినవాళ్లు చాలామంది నవ్వుతూ వెళ్లారు. సహాయకురాలు గిరిజ కాఫీ అందించింది. ఇందుమతి గ్లాసు పట్టుకునే సంగతంతా చెప్పుకొచ్చింది.

ఒక యక్షగాన మేళానికి ఆమె వెబ్‌సైట్ చేసింది. పేజీ రూపం తీర్చే సీఎస్ఎస్ మొత్తం, తొమ్మిది వందల పంక్తులూ, తనే సొంతంగా రాసింది. ఎంత పాత ఫోన్లోనైనా చిటికెలో తెరుచుకునేది. నిన్న టికెట్ల అమ్మకం మొదలైన రోజే ఫోన్లలో టికెట్ బటన్ మాయమైంది. ఒంటిగంటంపావుకు ఆమె కంప్యూటర్ నుంచే ఏదో మార్పు జరిగినట్టు నమోదైంది. అప్పుడామె భోజనానికి వెళ్లింది.

“ఎవరిమీద అనుమానం?” అన్నాడు ఐతాళ్.

“అభిజిత్ ఉడుప, నా పక్క సీటు. ‘ఎవరో రాసిపెట్టిన రెడీమేడ్ ఫ్రేమ్‌వర్క్ ఉండగా ఈ చాదస్తమేంటి?’ అని రోజూ దెప్పుతాడు.”

ఐతాళ్, గిరిజ ఆమె వెంట ఆఫీసుకు వెళ్లేసరికి యజమాని రాజశేఖరయ్య మండిపడుతున్నాడు. “మేళం పెద్ద శంభు భాగవతులు నిన్న ఒంటిగంటకు నాకు ఫోన్ చేసి, తన బొమ్మ ఇంకా పెద్దగా కావాలన్నాడు. ఆ మాట ఈమెకు చెప్పేలోపే కొంప మునిగింది! సొంత రాత వద్దు మొర్రో అంటే విన్నదా?”

ఉడుపను అడిగితే కస్సుమన్నాడు. “ఆమెతో వాదిస్తాను, నిజమే. కాని ఆ ఫైలు చదవండి సార్! ఒక్క మాట ఎక్కువుండదు. అంత చక్కగా రాయడం నా తరం కాదు. దాన్ని చెడగొట్టడానికి నాకు చేతులెలా వస్తాయి?”

ఐతాళ్ ఫైలు మొదటినుంచీ చదివాడు. గంట పట్టింది. తర్వాత అందరినీ పిలిచాడు.

“ఆఖరి పంక్తి చూడండి. భాగవతుల బొమ్మ వెడల్పు ఆరువందల పిక్సెళ్లు, వెనక ‘ఇంపార్టెంట్’ అని ముద్ర. మిగతా నియమాలన్నీ నోరు మూసుకుని దీని మాటే వినాలని అర్థం. ఫ్రేమ్‌వర్క్ వాడేవాళ్లలో చాలామందికి ఇది అలవాటు. ఎవరో రాసిన నియమాలతో పోట్లాడాలి కదా. ఇందుమతికి ఆ గొడవే లేదు. తొమ్మిది వందల పంక్తుల్లో ఒక్కచోటా ఆ ముద్ర వెయ్యలేదు. అబ్బ, ఏం రాసిందండీ! ఫోన్లో బొమ్మ చిన్నదవ్వాలని ఆమె రాసిన నియమాన్ని ఈ పంక్తి తొక్కేసింది. బొమ్మ ఉబ్బి బటన్‌ను కప్పేసింది.”

“అయితే ఉడుపే!” అంది గిరిజ.

“తొందరపడకు తల్లీ. బొమ్మ పెద్దది కావాలన్న సంగతి ఉడుపకెలా తెలుస్తుంది? ఫోన్ వచ్చింది ఒక్కరికే.”

గిరిజ యజమాని వైపు తిరిగింది. ఈయన బుర్రకు దండం పెట్టాలి అనుకుంది.

రాజశేఖరయ్య కుర్చీలో కూలబడ్డాడు. “ఒకప్పుడు నేనూ ఫ్రేమ్‌వర్క్‌తోనే సైట్లు చేసేవాణ్ణి. ఒక్క పంక్తే కదా అనుకున్నా. ఆమె కంప్యూటర్ తెరిచే ఉంది. పెద్ద తెరమీద బాగానే కనిపించిందయ్యా! తర్వాత ఒప్పుకోవడానికి నామోషీ అయింది. ఇందూ, నీ ఉద్యోగం ఎక్కడికీ పోదమ్మా.”

“ఉద్యోగం సరే సార్. మేళమంతా నన్నే తిడుతోంది” అంది ఇందుమతి.

రాజశేఖరయ్య ఫోన్ తీసి, అందరూ వినేలా స్పీకర్ పెట్టాడు.

“భాగవతులుగారూ, ఆ అమ్మాయి బంగారంలా చేసింది. పాడుచేసింది నేను.”