ఉడుకుగుంట దగ్గర ఆదివారం రాత్రి

హొసకోటె దాటినాక ఉడుకుగుంట అని ఒకటి ఉండాదప్పా... పొద్దుగూకితే అటు కుక్క కూడా పోదు. గుంటంటే పెద్దదేం కాదు, నాలుగు బిందెల నీళ్లు. కానీ చలికాలంలోనూ వెచ్చగా ఆవిర్లు లేస్తాయి. అడుగున ఎవత్తో ఊపిరి తీస్తోందని జనం మాట. నేను విన్నదే చెబుతున్నా.

భుజ్‌లో భూమి కంపించిన ఏడాది, ఓంకార్ అనే కుర్రాణ్ని బెంగళూరు ఆఫీసు తెచ్చి అక్కడ పడేసింది. భూమి కదిలేముందు ఊటనీళ్లలో ఉప్పు మారుతుందేమోనని వాళ్ల ఆశ. గుంట పక్కన రేకుల గది. తెల్లారుజామున నీళ్లు తీసి, పసుపురంగు మందు కలిపి, పైన ఇంకో మందు చుక్కలు వెయ్యాలి. ఆ పసుపు నీళ్లు ఇటుకరంగుకు తిరగడానికి ఎన్ని చుక్కలు పడితే అంత ఉప్పున్నట్టు. ఆ అంకె ఎస్టీడీ బూత్ నుంచి ఆఫీసరుకు చెప్పాలి. రోజంతా అతను మనిషితో పలికేది ఆ ఒక్క అంకే. అది చెప్పాక కూడా, అటువైపు పెట్టేసేదాకా ఫోను వదిలేవాడు కాదు పాపం.

మామూలుగా పదకొండు చుక్కలు. ఒక సోమవారం... పంతొమ్మిది!

హడలిపోయి ఫోన్ చేశాడు. ఆ రాత్రి ఊళ్లకు ఊళ్లు పిల్లాపాపలతో రోడ్డుమీద పడుకున్నాయి. భూమి మాత్రం ఇసుమంతైనా కదల్లేదు. “ఇంకోసారి ఉత్తుత్తి కేక వేశావో, ఆ గదికి తాళం, నీకు సెలవు!” అన్నాడు ఆఫీసరు.

బుధవారం పద్దెనిమిది. మిగతా రోజుల్లో మామూలు పదకొండే. మళ్లీ సోమవారం ఇరవై. మళ్లీ బుధవారం... ఓంకార్ పుస్తకంలో నిజం రాసి, ఫోన్లో “పదకొండు” అని అబద్ధమాడాడు. చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకుండా ఉంటే, నిజంగా కదిలితే... ఇంతమంది ఉసురు ఎవడికి తగులుతుంది? అయినా భూమికి వారాలేం తెలుసు? వారం చూసుకుని వచ్చేది వేరే ఏదో అయ్యుండాలి.

ఆదివారం రాత్రి దీపం ఆర్పి కూచున్నాడు.

అడుగుల చప్పుడు... ఆగింది. సరిగ్గా తన తలుపు ముందు.

సందులోంచి చూశాడు — తెల్లచీర! బిగించిన గుప్పిట గదికేసి గాల్లో తిరుగుతోంది... ఒకటి... రెండు... మూడు... పెదవులు గొణుగుతున్నాయి. తర్వాత గుంట వైపు నడిచి, ఏదో విసిరింది. బుడుంగ్...

పై ప్రాణాలు పైనే పోయాయి. కానీ ఐదు నెలల్లో తన గడపదాకా వచ్చిన ప్రాణి అదొక్కటే. దెయ్యమైతే అయిందిలే అనిపించి తలుపు తీశాడు.

“ఎ... ఎవరు?”

“ఉష్... ఎందుకప్పా లేస్తివి? దిష్టి తీసేటప్పుడు పలకరించకూడదు.”

టార్చి వేశాడు. పక్క తోట నంజమ్మ, ముసలమ్మ. చేతికంటిన రాళ్లుప్పు దులుపుకుంటోంది.

“పాడు గుంట పక్కన బిడ్డ ఒక్కడే ఉండాడు. నీకు తీసేవాళ్లు ఎవరుండారు? రెండు వారాలనుంచి ఆదివారం, మంగళవారం నేనే తీసి నీళ్లలో వేస్తా ఉండా. ఉప్పు కరిగినట్టు దిష్టి కరిగిపోవల్ల గదా.”

ఓంకార్ నవ్వబోయాడు. ఏడుపొచ్చింది. ఊళ్లను రోడ్డెక్కించింది తన కోసం తీసిన గుప్పెడు ఉప్పు!

మర్నాడు ఆఫీసరుకు ఉన్నదున్నట్టు చెప్పాడు. తిట్లు పడ్డాయి గానీ, తాళం పడలేదు. మంగళవారం రాత్రి గడపలో బకెట్ నీళ్లు పెట్టి తూర్పు ముఖంగా కూచున్నాడు. “ఇకమీద ఇందులో వెయ్యి అవ్వా.”

బుధవారం ఫోన్లో, “పదకొండు సార్,” అన్నాడు. నిజం పదకొండు.

“ఇంకేమైనా ఉందా?” అన్నాడు ఆఫీసరు.

“లేదు సార్. పెట్టేస్తున్నా. అవ్వ సంగటి చేసింది... చల్లారిపోతుంది.”