రివర్స్ గేర్‌లో ఘాట్

ఇంజిన్ దగ్గుతుంది.

ఒకసారి... మరోసారి...

తాతల కాలం నాటి కారు. నిట్టనిలువు ఘాట్ రోడ్డు. చీకటి కమ్ముకుంటోంది.

కోడలు యాక్సిలరేటర్ అంతా తొక్కుతుంది. లాభం లేదు. బండి ఈడ్చుకుంటూ ఆగిపోతుంది.

కింది మలుపులో హెడ్‌లైట్లు.

మరిది జీపు!

పక్క సీట్లో మామగారు వెనక్కి తిరిగి చూస్తారు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పెట్రోలు లేదా?"

"ఉంది మామయ్యా. కొంచెమే. సీటు కింద ట్యాంకు కదా, ఇంత ఏటవాలులో పెట్రోలు ఇంజిన్‌కి ఎక్కట్లేదు."

"మరి తిప్పు. వెనక్కి ఎక్కిద్దాం."

నిజమే. మూతి కిందికి పెడితే పెట్రోలు దానంతటదే ఇంజిన్‌కి జారుతుంది. ఆమె మెకానిక్. ఈ ఇంటి షెడ్డులో పాత కార్లకు ప్రాణం పోసేది ఆమె చేతులే.

నెల క్రితం ఆమె భర్త ఈ ఘాట్‌లోనే లోయలో పడ్డాడు. అంతా ప్రమాదమన్నారు. తుక్కయిన కారును ఆమె విప్పి చూసింది. బ్రేకు కేబుల్ తెగలేదు.

కోశారు.

ఆ ముందు రాత్రి షెడ్డులో ఉన్నది మరిది ఒక్కడే. ఆ మాట ఇవాళ మామగారికి చెప్పింది. ఆయన లేచారు. "పద, పోలీస్ స్టేషన్‌కి."

స్టేషన్ కొండకి అవతల. గుమ్మం పక్కన మరిది అంతా విన్నాడని అప్పుడు ఇద్దరికీ తెలియదు.

ఆమె బండి తిప్పుతుంది. రివర్స్ వేస్తుంది. ఇంజిన్ అందుకుంటుంది!

కానీ వెనక ఏమీ కనిపించదు. క్యాన్వాస్ టాపు అడ్డం. మామగారు దిగి, ఆమె వైపు ఫుట్‌బోర్డు ఎక్కి నిలబడతారు.

"నేను చెప్తుంటా. నువ్వు పోనీ."

కుడి పక్క కొండ. ఎడమ పక్క లోయ. ఎదురుగా జీపు మలుపు తిరిగింది... లైట్లు సూటిగా ఆమె కళ్లలోకి.

తరిమేవాడి ముఖం చూస్తూ పారిపోవడం!

"కుడికి... చాలు. నిదానంగా."

జీపు బంపర్ ఢీకొడుతుంది. ఆమె పళ్లు టకటకలాడతాయి.

"వదినా, ఆపు. మాట్లాడుకుందాం."

ఆమె ఆపదు.

"ఎడమకి," అంటారు మామగారు.

తిప్పుతుంది.

"ఇంకాస్త ఎడమకి."

తిప్పుతుంది.

"ఇంకా..."

వెనక చక్రం కింద రాళ్లు జారిన చప్పుడు. కింద ఎక్కడో, చాలా లోతున పడిన చప్పుడు...

బ్రేకు మీద నిలబడినంత పని చేస్తుంది. కారు ఒక పక్కకు ఒరుగుతుంది.

"మామయ్యా, అటు లోయ."

"తెలుసు."

ఆమె తల తిప్పి చూస్తుంది. ఆయన ఒక కాలు అప్పటికే నేల మీద ఉంది.

"స్టేషన్‌కనే బయల్దేరానమ్మా. ఒట్టు. దారిలో నా మనసొప్పలేదు. వాడొక్కడే మిగిలాడు నాకు."

ఇంతసేపూ ఈ గొంతునే నమ్ముకుని బండి నడిపింది.

జీపు ఆగింది. మరిది దిగాడు. రోడ్డు మధ్యలో నిలబడ్డాడు. చేతిలో తుపాకి.

ఆమె ఫస్ట్ గేర్ వేస్తుంది.

"వద్దమ్మాయ్!"

కారు ముందుకు ఉరుకుతుంది. పల్లం. మరిది మీదికి. మామగారు ఫుట్‌బోర్డు పట్టుకుని వేలాడుతూ, కిటికీలోంచి సగం ఒళ్లు లోపలికి దూర్చి స్టీరింగ్ అందుకుంటారు. కొడుకుని తప్పించాలని.

తుపాకి పేలుతుంది!

అద్దం పెంకులు ఆమె ఒళ్లంతా చిందుతాయి. తనకే తగిలిందనుకుంటుంది.

నొప్పి లేదు.

బ్రేకు తొక్కుతుంది. మరిదికి మూరెడు దూరంలో కారు ఆగుతుంది. స్టీరింగ్ మీది ముసలి చేతులు ఒక్కొక్క వేలూ వదిలేస్తున్నాయి. ఆయన తల ఆమె భుజం మీద బరువుగా వాలుతుంది.

హెడ్‌లైట్ల వెలుగులో మరిది పెదాలు కదులుతాయి.

"నాన్నా..."