మూడో బెజ్జం

తొక్కినా ఉన్నచోటే ఉండే సైకిల్‌ని రిపేరు చేయడం ఆ సైకిల్ మెకానిక్‌కి అదే మొదటిసారి.

"ఇది ఎక్కడికీ పోదు కదండీ, బాగుచేసి ఏం లాభం?" అన్నాడు.

"బాగయ్యాక మీరు పోతారు కదా, అదే లాభం," అంది టీచరమ్మ, అట్టపెట్టెలో గిన్నెలు సర్దుతూ.

అంతే, అరగంట పనిని మూడు రోజులకు సాగదీశాడు.

టీచరమ్మ తండ్రి రిటైరయ్యాడు. నెలాఖరుకి క్వార్టర్ ఖాళీ చేసి రెండు గదుల ఇంటికి మారాలి. ఆమె ముచ్చటపడి కొనుక్కున్న ఎక్సర్‌సైజు సైకిల్‌కి అక్కడ చోటు లేదు. "నువ్వు తొక్కినదానికంటే దానిమీద బట్టలు ఆరేసిందే ఎక్కువ, అమ్మెయ్యి," అన్నాడాయన.

మొదటిరోజు మెకానిక్ ఆమెని ఎక్కించి, కాలు అందేలా చూసి, సీటు రాడ్డుకున్న మూడో బెజ్జంలో పిన్ను పెట్టాడు.

మర్నాడు వచ్చేసరికి పిన్ను ఏడో బెజ్జంలో ఉంది. ఏడో బెజ్జమంటే ఆరడుగుల మనిషి. తండ్రేమో కూతురంత ఎత్తే.

"ఎవరైనా చూడ్డానికొచ్చారాండీ?"

"జిమ్ కోచ్ వచ్చాడు."

"పొడుగాయనా?"

"గుమ్మం దగ్గర తల వంచుకుని వచ్చాడు."

మెకానిక్ ఆ గుమ్మాన్ని కిందినుంచి పైదాకా చూశాడు. తనకైతే జానెడు ఖాళీ మిగులుతుంది. పిన్ను లాగి మళ్లీ మూడో బెజ్జంలో పెట్టాడు.

మూడోరోజు మళ్లీ ఏడే.

"మళ్లీ వచ్చాడా?"

ఆమె ప్లాస్టరు టేపు పళ్లతో తెంపుతూ నవ్వింది.

అతనికి ఒళ్లు మండింది. ఆమె లోపలికి వెళ్లగానే ఎడమ పెడల్ అరచుట్టు వదులు చేశాడు. టక్ టక్‌మని మోగింది. ఈ చప్పుడుకి ఎవడు కొంటాడో చూద్దాం అనుకున్నాడు.

నాలుగోరోజు ఫోనొచ్చింది. "మెకానిక్ గారూ, మీరు బాగుచేశాకే చప్పుడొస్తోంది."

వానలో తడుస్తూ వెళ్లాడు.

"ఎడమ పెడల్ ఎలా వదులైందండీ?" అడిగిందామె.

అతను చేతిలో గుడ్డని పిండుతూ నిలబడ్డాడు. నీళ్లు కారడం అయిపోయినా పిండుతూనే ఉన్నాడు.

"నేనే చేశాను. ఆ కోచ్ మీ సీట్లో కూర్చోవడం నాకు నచ్చలేదు. ఇది అమ్ముడుపోతే మీ ఇంటికి ఏ వంకతో రావాలో కూడా తెలీలేదు."

ఆమె చేతిలో ఉన్న టేపు పెట్టెమీద పెట్టింది.

"కోచ్ ఒక్కసారే వచ్చాడు. సైకిల్ వద్దని డంబెల్స్ పట్టుకెళ్లాడు."

"మరి రెండోసారి ఏడో బెజ్జం?"

"నేనే పెట్టాను. మొదటిసారి మీ మొహం మాడిపోయింది చూశారూ, అది ఇంకోసారి చూడాలనిపించింది."

పెట్టెల వెనకనుంచి తండ్రి గొంతు వినిపించింది. "ఒకళ్లు పెడల్ వదులు చేస్తారు, ఒకళ్లు సీటు లేపుతారు. ఈ సైకిల్ ఈ జన్మలో అమ్ముడుపోదు. బాబూ, మీ ఇంట్లో చోటుందా?"

"ఉందండీ, కిటికీ పక్కన."

"సైకిల్‌కి ఒక్కదానికేనా?"

మెకానిక్ వంగి, పిన్ను లాగి, మూడో బెజ్జంలో పెట్టి గట్టిగా బిగించాడు.

"ఇంక దీన్ని కదపకండి," అన్నాడు ఆమెతో మెల్లగా.

"మీరు పెడల్ జోలికి రాకండి మరి," అందామె, తుడుచుకోమని తువ్వాలు అందిస్తూ.