మూడో పెట్టెలోని ఎలుకలు

"మీ ఎలుకలకి ఏ రోగమూ లేదండీ. రోగం మీ స్పీకర్‌ది!"

ల్యాబ్‌లో స్పీకర్లు పరీక్షించడానికి వచ్చిన సౌండ్ ఇంజినీరు అమ్మాయి ఆ మాట అనగానే పరిశోధకుడికి ఒళ్ళు మండింది.

"రెండేళ్ళ పని ఇది. ఒక్క పూటలో తేల్చేశారా?"

"పూటెందుకు? పావుగంట చాలింది."

అతని ప్రయోగం ఇదీ: పెద్ద చప్పుడుకు ఎలుక ఉలిక్కిపడుతుంది. ఒక్క క్షణం ముందు చిన్న శబ్దం వినిపిస్తే మాత్రం మెదడు సర్దుకుని, ఆ ఉలికిపాటు తగ్గుతుంది. స్కిజోఫ్రీనియా ఉన్న చాలామందిలో ఈ సర్దుబాటు తక్కువ. ఆ లోపం ఎక్కడుందో వెతకడానికే అతను జన్యువు మార్చిన ఎలుకలనూ మామూలు ఎలుకలనూ స్పీకర్లు బిగించిన పెట్టెల్లో ఉంచి పరీక్షిస్తున్నాడు.

ఆమె మూడో పెట్టెలో మైకు పెట్టి చూపించింది. పెద్ద చప్పుడుకు పెట్టె దద్దరిల్లింది. ముందు రావలసిన చిన్న శబ్దం జాడే లేదు.

"వినపడని దానికి అవేం సర్దుకుంటాయి, పాపం!"

అతను కుర్చీలో కూలబడ్డాడు.

"మా అక్కకి ఈ జబ్బుంది. ఫ్యాన్ రొద, కుళాయి చప్పుడు, పక్కింటి మాటలు, అన్నీ ఒకేసారి మీదపడతాయంటుంది. అందుకే ఈ పనిలోకొచ్చాను."

ఆమె కళ్ళలో అల్లరి మాయమైంది.

"అయితే మళ్ళీ చేద్దాం. రోజూ వచ్చి పెట్టెలు చూసిపెడతాను."

"అది మీ డ్యూటీ కాదుగా?"

"కాదు. అయినా వస్తాను. అభ్యంతరమా?"

మూడో పెట్టె ఫలితాలన్నీ అతను పక్కన పడేశాడు. మూడు నెలలు మొదటినుంచీ చేశారు. కిటికీ అవతల వాన. లోపల అతని చూపు మాటిమాటికీ దారి తప్పేది.

"గ్రాఫ్ స్క్రీన్ మీదుంది, నా మొహం మీద కాదు."

"తెలుసు."

చివరికి రెండు రకాల ఎలుకల మధ్యా తేడా నిలిచింది. మునుపటికన్నా చిన్నదే, కానీ నిజమైనది.

ఆ ఆదివారం ఆమెను ఇంటికి తీసుకెళ్ళాడు. ఆమె ఫోన్ ఆపేసి, కుర్చీని ఈడ్చకుండా ఎత్తి జరుపుకుని కూర్చుంది. అక్క అది గమనించింది.

"ఏరా, అడిగావా?"

"ఏంటక్కా?"

"రోజూ నా దగ్గర నసుగుతున్నావే, అదే."

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆమె నవ్వాపుకుంటూ, "అడగలేదండీ. నేనూ ఎదురుచూస్తున్నాను" అంది.

ఇక తడుముకోలేదతను. "నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

"చేసుకుంటాను."

అక్క లేచి ఆమె చెయ్యి పట్టుకుంది.

"అయితే ఆ 'అండీ' ఇక్కడితో మానెయ్. వదినా అను."

"అలాగే వదినా" అంది ఆమె, మెల్లగా.